ఎదురొచ్చే బండికి పలకరింపు ఎలా?

ప్రశ్న: మాది చెన్నైలోని చూలై. కొత్తగా బుల్లెట్ కొన్నాను. మిత్రులతో కలిసి నెల్లూరు వెళ్తున్నాను. ఎదురొచ్చే రైడర్లు చేయెత్తి పలకరిస్తే నేనూ ఎత్తాలా? గుంపులో ఏ సైగలు తెలిసుండాలి?

జవాబు: తప్పకుండా పలకరించండి. అది దారిలో దొరికే ఆత్మీయత. మన దేశంలో బుల్లెట్ల బిగింపు 1950లలో మొదలైంది మీ మద్రాసులోనే! అయితే కుడిచేతిలో యాక్సిలరేటర్, ముందు బ్రేకు ఉంటాయి కాబట్టి ఎడమచేయి కాస్త ఎత్తితే చాలు. మలుపులో, ట్రాఫిక్‌లో తల ఊపండి.

గుంపులో సైగలు కూడా ఎక్కువగా ఎడమచేతితోనే. అరచేయి కిందికి పెట్టి మెల్లగా ఆడిస్తే ‘నెమ్మది’. ఒక వేలు పైకెత్తితే ‘ఒకరి వెనక ఒకరు’. ట్యాంకు తడితే ‘పెట్రోలు కావాలి’. గుంత ఎటుంటే అటు కాలు చాపి చూపిస్తారు.

సైగలు గుంపును బట్టి మారుతుంటాయి. అందుకే బయల్దేరేముందు అందరూ నిలబడి ఒకసారి చేసి చూసుకోండి. మలుపు తిరిగేటప్పుడు ఇండికేటర్ వేయడం మాత్రం మరవద్దు. తడ దాటాక లారీల మధ్య రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంచండి. పలకరింపు కన్నా ప్రాణం ముఖ్యం.