తమలపాకుకు రాసినంత

మే నెల మధ్యాహ్నం. అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి కూతవేటు దూరంలో రెండో అంతస్తు గది. కిటికీ తీస్తే బస్సుల పొగ, మూస్తే ఉక్క. బల్ల మీద ఆరేళ్ల లాప్‌టాప్ పిండిమరలా రొద పెడుతోంది. ఉష్ణోగ్రత చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి చూస్తే, ఊరికే ఉన్నప్పుడే 78 డిగ్రీలు, వీడియో పెట్టగానే 97. చాలా ఇంటెల్ ప్రాసెసర్లు 100 దగ్గరికి రాగానే తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. మనం ‘పాతబడిపోయింది’ అని తీసి పారేసేవాటిలో కొన్నింటికి వచ్చింది ముసలితనం కాదు, జ్వరం.

మందు దూరం కాదు. గౌలిగూడ, పుత్లీబౌలి మీదుగా నడిస్తే కోఠి. అక్కడ గుజరాతీ గల్లీలో థర్మల్ పేస్టు సిరంజి, సన్న స్క్రూడ్రైవర్ల సెట్టు, సెల్‌ఫోన్లు బాగుచేసేవాళ్లు ‘ఐపీఏ’ అనే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొన్నాను. మెడికల్ షాపు స్పిరిట్‌లో నీళ్లు కలిసి ఉంటాయి, ఈ పనికి వద్దు.

“అన్నా, ఈ సిరంజి ఎన్ని లాప్‌టాప్‌లకొస్తది?”

“నీ చేతిని బట్టి ఉంటది తమ్మీ.”

ముందు లాప్‌టాప్‌ను ఐదు నిమిషాలు నడిపించాను, గట్టిపడ్డ పాత పేస్టు కాస్త మెత్తబడాలని. తర్వాత పూర్తిగా ఆపేసి చార్జర్ పీకి, బోర్లించాను. స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు. పొట్టి స్క్రూ చోట పొడుగుది బిగిస్తే పైన అరచేయి ఆనించే ప్లాస్టిక్ పగులుతుంది. అందుకే అట్టముక్క మీద లాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చాను. రెండు స్క్రూలు రబ్బరు కాళ్ల కింద దాక్కుంటాయి, మరిచిపోతే మూత విరుగుతుంది. పాత సిమ్‌కార్డు అట్టతో అంచుల వెంట నెమ్మదిగా లేపితే కింది మూత వచ్చేసింది. మొదట ఊడదీయాల్సింది బ్యాటరీ కనెక్టర్. వైర్లు పట్టుకుని లాగకూడదు.

ఇక ఫ్యాను. దాన్ని విప్పితే రాగి రేకుల ముందు కంబళి ముక్కలాంటి దుమ్ము పొర. ఐదో నిజాం అఫ్జలుద్దౌలా పేరు పెట్టుకున్న ఈ గంజ్‌కు పక్కనే బేగంబజారు, అక్కడి మసాలాల ఘాటు వీధివీధికీ తెలుసు. ఆ పొర ఎర్రగా ఉంది. దులిపితే వరసగా నాలుగు తుమ్ములు. నన్నడిగితే సగం రోగం ఇక్కడే. పేస్టు మార్చి, రేకులు శుభ్రం చేయకుండా మూసేసినవాడికి డబ్బులివ్వడం దండగ. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపాలి, లేకపోతే అది అతివేగంగా తిరిగి పాడవుతుంది.

చిప్ వేడిని లాగే హీట్‌సింక్ స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలుంటాయి. విప్పేటప్పుడు చివరి అంకె నుంచి వెనక్కి, ఒక్కోటీ కొంచెం కొంచెం వదులు చేయాలి. అంటుకుపోతే ఎత్తి పీకకండి, అటూ ఇటూ మెల్లగా తిప్పండి. చాలా లాప్‌టాప్‌లలో చిప్ మీద లోహపు కప్పు ఉండదు. నేరుగా సిలికాన్ ముక్కే. మూల విరిగిందా, బోర్డు పోయినట్టే.

పాత పేస్టు ఎండిన సుద్దలా రాలింది. ఐపీఏ తడిపిన మెత్తటి గుడ్డతో తుడుస్తూ పోతే, చిప్‌లో ట్యూబ్‌లైట్ కనిపించింది.

కొత్త పేస్టు ఎంత పెట్టాలి? ఇక్కడే అందరి చేయీ జారుతుంది. రాగి ఉష్ణవాహకత, మీటరుకు డిగ్రీకి వాట్లలో, దాదాపు 400, మామూలు పేస్టుది 4 నుంచి 8, గాలిది 0.026. గాలితో పోలిస్తే పేస్టు మహారాజు, రాగితో పోలిస్తే బిచ్చగాడు. రెండు నునుపైన తలాల మధ్య కంటికి కనపడని గుంతల్లో గాలి చేరకుండా చూడడమే దాని పని. ఎక్కువ పూస్తే వేడికే అడ్డం. తమలపాకుకు సున్నం రాసినంత చాలు. కానీ ఆకంతా అందాలి. చిప్ మీద ఏ మూలా ఖాళీగా మిగలకూడదు. గాలియం కలిసిన ‘లిక్విడ్ మెటల్’ మాత్రం వద్దు. అది కరెంటు పారిస్తుంది, అల్యూమినియాన్ని తినేస్తుంది. మెమరీ చిప్‌ల మీది మెత్తటి ప్యాడ్‌లు చిరిగితే అదే మందం ప్యాడ్ వేయాలి. ఆ ఎడాన్ని పేస్టు పూడ్చలేదు.

బిగించేటప్పుడు 1, 2, 3, 4 వరసలో, మళ్లీ కొంచెం కొంచెంగా. ఫ్యాను వైరు, చివర బ్యాటరీ.

వెలిగించి పది నిమిషాలు వీడియో నడిపాను. నాలుగు కోర్లలో మూడు 80 దగ్గర, ఒకటి 96. విప్పి చూస్తే, సున్నం అందని ఆకు మూలలా ఒక అంచు మెరుస్తోంది. తుడిచి, మళ్లీ రాశాను. ఈసారి అన్నీ 79, 82 మధ్య. ఊరికే ఉన్నప్పుడు 54. గదే 38 ఉన్నప్పుడు ఫ్యాన్ గాలి అంతకంటే చల్లబరచలేదు.

సిరంజి చూస్తే ఇంకోసారికి సరిపడా లేదు. దుకాణం అన్న చెప్పిన లెక్కలో నా చేతికి వచ్చింది ఒక్క లాప్‌టాప్, అదీ రెండుసార్లు.