శాసనసభను చదివిన ఆచార్యుడు

సౌకార్‌పేటలోని మింట్ వీధిలో నడుస్తుంటే తమిళం, తెలుగు, హిందీ, గుజరాతీ చెవిన పడతాయి. అక్కడికి కొద్ది దూరంలోనే సెయింట్ జార్జి కోట ఉంది. 234 మంది సభ్యులున్న తమిళనాడు శాసనసభ అక్కడే సమావేశమవుతుంది. 2006లో ఆ సభ చేసిన చట్టం వల్ల పాఠశాలల్లో తమిళం దశలవారీగా తప్పనిసరి పాఠ్యాంశమైంది. ఇక్కడివారు తమిళం నేర్చుకోవడం అవసరమే. మరి మాతృభాషకు చోటెక్కడ? ఈ ప్రశ్న న్యాయస్థానాల దాకా వెళ్లింది. చూశారా, శాసనసభ నిర్ణయం మన పుస్తకాల సంచిలోకి కూడా వస్తుంది!

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు తెలుగు జిల్లాల ప్రతినిధులు మద్రాసు శాసనసభలోనే కూర్చునేవారు. 1956 నవంబరు 1న తెలంగాణ కూడా కలిసి ఆంధ్రప్రదేశ్ అవతరించింది. ఈ కొత్త రాష్ట్రంలో పాలన ఎలా సాగుతోంది? చట్టం పల్లెకు చేరేసరికి ఏమవుతోంది? ఇటువంటి ప్రశ్నలను తన చదువుగా చేసుకున్నవారు ఆచార్య జి. రాంరెడ్డి.

ఆయన 1929లో కరీంనగర్ జిల్లాలోని ఒక పల్లెలో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ప్రభుత్వ పాలనా శాస్త్రం బోధించారు. పంచాయతీరాజ్ వ్యవస్థపై పరిశోధించారు. 1979లో ఆచార్య బి.ఎ.వి. శర్మతో కలిసి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, రాజకీయాలపై ఒక గ్రంథాన్ని, తెలంగాణ ప్రాంతీయోద్యమంపై మరొక గ్రంథాన్ని వెలువరించారు. 2014 జూన్ 2న తెలంగాణ ప్రత్యేక రాష్ట్రమైంది.

చట్టాలను పరిశీలించిన ఆచార్యునికి ఒక చట్టాన్ని ఆచరణలో పెట్టే బాధ్యత కూడా లభించింది. 1982లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చట్టం ద్వారా దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో ఏర్పడింది. దాని తొలి ఉపకులపతి రాంరెడ్డిగారే. కళాశాల గడప తొక్కలేని ఉద్యోగులకు, గృహిణులకు ఇంటి వద్దనే పట్టా చదువు అందింది. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా ఆయనే తొలి ఉపకులపతి అయ్యారు. తరువాత విశ్వవిద్యాలయ నిధుల సంఘానికి అధ్యక్షులుగా పనిచేశారు. 1995లో కన్నుమూశారు.

ఒక చట్టం మన భాషకు చోటు తగ్గించవచ్చు. మరొకటి చదువుకు తలుపు తెరవవచ్చు. సభలో సభ్యులు ఏమన్నారో, ఊరిలో ఏం జరిగిందో రెండూ తెలిసిన పౌరుడే తన మాట గట్టిగా చెప్పగలడు.

అర్థాలు
అవతరించు = ఏర్పడు, పుట్టు
సార్వత్రిక = అందరికీ చెందిన
పట్టా = డిగ్రీ

ప్రశ్నలు
1. శాసనసభ నిర్ణయం పుస్తకాల సంచిలోకి వస్తుందని ఎందుకన్నారు?
2. సార్వత్రిక విశ్వవిద్యాలయం ఎవరికి మేలు చేసింది?
3. మీ వీధిలో మార్పు తెచ్చిన ఒక చట్టాన్ని గురించి పెద్దలనడిగి ఐదు వాక్యాలు రాయండి.