కొత్త బ్రేకులు ఎందుకు కూస్తాయి?

సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: పోయిన వారం మా కారుకి ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు, డిస్కులు రెండూ మార్పించాం. మర్నాటి నుంచి బ్రేకు తొక్కితే చాలు, కీచుమంటుంటే వీధిలో అందరూ తిరిగి చూస్తున్నారు. రోజూ పిల్లల్ని బడికి దింపేది ఈ బండిలోనే. నాసిరకం సామాన్లు వేశారేమోనని భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: కంగారు పడకండి. ప్యాడ్లు, డిస్కులు రెండూ కొత్తవైతే మొదట్లో కొన్నాళ్లు కూత రావడం మామూలే. రెండిటి ముఖాలూ ఇంకా నిండుగా ఆనవు. అక్కడక్కడా మాత్రమే తగులుతూ ప్యాడ్ సన్నగా అదురుతుంది, మీకు వినపడేది ఆ అదురే. ఖాళీ రోడ్డు మీద, వెనక బళ్లేవీ లేనప్పుడు, 60 కిలోమీటర్ల వేగం నుంచి ఒక మోస్తరుగా బ్రేకు నొక్కి 20కి దించండి, పూర్తిగా ఆపొద్దు. కాసేపు మామూలుగా నడిపి బ్రేకులు చల్లారాక మళ్లీ అలాగే, ఓ పదిసార్లు. దీన్నే బెడ్డింగ్ అంటారు. కొత్త డిస్కులకు తుప్పు పట్టకుండా నూనె పూసి పంపుతారు. బిగించే ముందు దాన్ని బ్రేక్ క్లీనర్‌తో తుడిచారో లేదో కూడా మెకానిక్‌ని అడగండి.

చెవి కన్నా మీ కాలిని నమ్మండి. పెడల్ ఎప్పటిలాగే గట్టిగా ఉండి, బండి ఓ పక్కకి లాగకుండా ఆగుతుంటే 300–500 కిలోమీటర్లు తిరిగేదాకా ఓపిక పట్టొచ్చు. పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంటే మాత్రం ఆ పూట పిల్లల్ని ఆటోలో పంపి మెకానిక్‌ని ఇంటికే పిలిపించండి.

ప్రశ్న: పొద్దున్నే మొదటి రెండు మూడు బ్రేకులకి గరగరమంటుంది, తర్వాత ఏమీ ఉండదు. చక్రం సందుల్లోంచి చూస్తే డిస్కు మీద ఎర్రటి తుప్పు! వేయించి నెల కూడా కాలేదు. నకిలీ డిస్కు అంటగట్టారా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: లేదండీ, అసలు డిస్కుకీ అంతే. అది పోత ఇనుము. వానకి తడిసినా, సముద్రపు గాలి తగిలినా ఒక్క రాత్రిలో పైపైన తుప్పు పట్టేస్తుంది, నాలుగుసార్లు బ్రేకు వేస్తే ప్యాడ్లే దాన్ని గీకేస్తాయి. నాలుగైదు కిలోమీటర్లు నడిపాక కూడా గరగర తగ్గకపోతేనే చక్రం విప్పించి చూడండి.

ప్రశ్న: మాది వేరే రకం శబ్దం. బ్రేకు తొక్కకపోయినా, చక్రం తిరిగినంతసేపూ ఏదో రేకు రాసుకుంటున్నట్టు సన్నని రాపిడి. ప్యాడ్లు మార్చిన రోజు నుంచే మొదలైంది.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ అనుమానం నిజమే అయ్యుంటుంది, అది రేకే. డిస్కు వెనక దుమ్ము పడకుండా ఒక పల్చటి రేకు ఉంటుంది. పని చేసేటప్పుడు మోచెయ్యి తగిలినా అది కాస్త వంగి డిస్కుని తాకుతుంది, చేత్తో వెనక్కి వంచితే సరి. అక్కడ చిన్న రాయి ఇరుక్కున్నా ఇదే గోల. అది కాకపోతే ప్యాడ్లకుండే చిన్న ఇనుప నాలుక చూపించండి: ప్యాడ్ అరిగిపోయినప్పుడు కూత పెట్టి హెచ్చరించేందుకే దాన్ని పెడతారు, ప్యాడ్లని తారుమారుగా బిగిస్తే కొత్తగా ఉండగానే డిస్కుకి తగులుతుంది.

ఒక్క సంగతి గమనించండి. కాసేపు తిప్పి దిగాక ఒక చక్రం దగ్గర మాత్రమే వేడి సెగ, మాడు వాసన వస్తే ప్యాడ్లని డిస్కుకి నొక్కే కాలిపర్ పట్టేసిందన్నమాట. చెయ్యి పెట్టకండి, చల్లారనిచ్చి అక్కడికే మెకానిక్‌ని రప్పించండి.

ప్రశ్న: ఇక్కడ కూలీ ఎక్కువని వీడియోలు చూసి ప్యాడ్లు, రోటర్లు (డిస్కులు) నేనే మార్చుకున్నాను. రివర్స్ తీసి ముందుకెళ్తూ మొదటి బ్రేకు వేస్తే ‘టక్’మంటోంది. చక్రం ఊడిపోతుందేమోనని నిద్ర పట్టడం లేదు.
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: దిశ మారినప్పుడు ఒక్కసారి ‘టక్’మనడం చాలావరకు ప్యాడ్ తన చోట్లో ఇటునుంచి అటు జరిగిన చప్పుడే. పాత స్టీలు క్లిప్పులే మళ్లీ పెట్టి ఉంటే కొత్తవి వేయండి, తగ్గుతుంది. అయినా సొంతంగా చేసిన పని కాబట్టి, మళ్లీ బండి తీసేలోపు కాలిపర్ బోల్టులు, చక్రం నట్లు మాన్యువల్‌లో ఇచ్చిన లెక్కకి టార్క్ రెంచ్‌తో సరిచూడండి. గుంతల్లోనూ టకటకమంటే ఇక నడపొద్దు.

ప్రశ్న: కొత్త డిస్కులు వేశాక బ్రేకు తొక్కితే స్టీరింగు వణుకుతోంది. డిస్కు వంగిందట, మళ్లీ కొనమంటున్నారు.
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: ఇప్పుడే డబ్బు తియ్యకండి. కొత్త డిస్కు వంగడం అరుదు. డిస్కు కూర్చునే హబ్ మీద పాత తుప్పు గీకకుండా బిగిస్తే అది వెంట్రుకవాసి ఒరిగి కూర్చుంటుంది, మిల్లీమీటరులో పదో వంతు ఒరిగినా కాలికి తెలుస్తుంది. డిస్కు తీయించి, హబ్ శుభ్రం చేయించి, నట్లు వరసగా కాక ఎదురెదురుగా బిగించమనండి. శ్రీశైలం లాంటి ఘాట్ ప్రయాణాలుంటే ఇది తేలేదాకా ఆపుకోండి.

ప్రశ్న: కొత్త ప్యాడ్లు కూస్తుంటే మా తమ్ముడు వాటి మీద కొంచెం గ్రీజు రాశాడు. కూత పూర్తిగా పోయింది. కానీ బండి కాస్త ముందుకెళ్లి ఆగుతోంది. అలవాటైపోతుందంటాడు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: మీకు అనుమానం రావడమే మంచిదైంది. గ్రీజు రాయాల్సింది ప్యాడ్ వీపుకీ, కాలిపర్ జారే పిన్నులకీ, అదీ వేడికి తట్టుకునే బ్రేక్ గ్రీజు. డిస్కుని పట్టుకునే ముఖానికి కాదు. ఆ ముఖం గ్రీజు పీల్చుకున్నాక కడిగినా లాభం లేదు, ప్యాడ్లు మార్చి డిస్కుల్ని బ్రేక్ క్లీనర్‌తో తుడవాల్సిందే. ఖర్చు ప్యాడ్లతోనే పోతుంది, భయపడకండి. బండిని షెడ్డుకి నడుపుకుంటూ తీసుకెళ్లొద్దు, మెకానిక్‌నే ఇంటికి రమ్మనండి. అతను వచ్చేదాకా తాళాలు తమ్ముడికి దొరక్కుండా మీ దగ్గరే ఉంచుకోండి.