తడి వల – బురద కాలు
(ద్వితీయ బి.యస్సీ. విద్యార్థి)

కరువు సీమలో చెరువు నిండటం కంటే పెద్ద పండుగ లేదు. సాలీనా సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఉమ్మడి అనంతపురం జిల్లాలో ప్రతి నీటిబొట్టుకూ లెక్క ఉంది. అయితే చెరువులో ఎన్ని నీళ్ళున్నాయని చూసేవాళ్ళమే గాని, ఆ నీళ్ళల్లోకి కొత్తగా ఏ జీవి వచ్చి చేరిందని చూసేవాళ్ళం తక్కువ. అలా చేరే జీవులు కొన్ని మన కాళ్ళను, చెప్పులను, వలలను పట్టుకునే వస్తాయి. అవి ఎట్లా వస్తాయి, వాటిని ఎట్లా ఆపవచ్చు అన్నదే ఈ వ్యాసంలో చెప్పదలచిన విషయం.

ఆక్రమణ జీవులు అంటే?

పరదేశం నుంచి వచ్చిన ప్రతి జీవీ చెడ్డది కాదు. మనకు కూడు పెట్టే వేరుశెనగ కూడా దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే. కాని కొన్ని జీవులకు పుట్టినచోట ఉండే శత్రువులు కొత్తచోట ఉండవు. అప్పుడవి అదుపు లేకుండా పెరిగి, అక్కడి జీవులకు చోటు లేకుండా చేస్తాయి. బీడు చేలను కమ్మేసే వయ్యారిభామను చూసినవారికి ఇది వేరుగా చెప్పనక్కర్లేదు.

నీళ్ళల్లో అలాంటిదే గుర్రపు డెక్క. ఇదీ దక్షిణ అమెరికా మొక్కే. ఊదారంగు పూల అందం చూసి మనిషే దేశదేశాలకు మోసుకుపోయాడు. మన రాష్ట్రంలో కృష్ణా, గోదావరి డెల్టా కాలువలకు ఇది పెద్ద బెడద. పరిస్థితులు అనుకూలిస్తే రెండు వారాల్లోనే రెట్టింపు కాగలదు. నీటిపై చాప పరచినట్టు పరచుకొని, కింది జీవులకు వెలుతురు, గాలి అందకుండా చేస్తుంది.

చేపల్లో తిలాపియా కథ కూడా ఇంతే. ఆఫ్రికాకు చెందిన ఈ చేపను 1952లో సింహళం నుంచి మండపం తెచ్చారు. త్వరగా పెరిగి, ఆహారం కొరత తీరుస్తుందని ఆశ. ఆడచేప గుడ్లను నోట్లో పెట్టుకొని కాపాడటం వల్ల సంతతి విపరీతంగా పెరిగి, స్థానిక చేపల మేతకు పోటీ అయింది. 1959లోనే దీన్ని ఇక కొత్త నీళ్ళల్లో వదలవద్దని నిర్ణయించారు. అప్పటికే చేయి దాటిపోయింది.

బూట్లు నేర్పిన పాఠం

2004లో న్యూజిలాండు దక్షిణ దీవిలోని ఒక నదిలో డిడిమో అనే నాచు బయటపడింది. ఇది కంటికి కనపడనంత చిన్న ఏకకణ జీవి. ఒక్క చుక్క నీటిలో కూడా ప్రయాణం చేయగలదు. రాళ్ళమీద మందంగా, తడి ఉన్నిలాగా పేరుకుపోతుంది. దీనికి ఒక వాహనం చేపలు పట్టేవాళ్ళ బూటు. జారకుండా ఉండేందుకు ఆ బూట్ల అడుగున ఫెల్టు, అంటే అదిమి చేసిన ఉన్ని, అతికిస్తారు. ఫెల్టు నీటిని పీల్చుకొని ఎన్నో రోజులు తడిగానే ఉంటుంది. ఆ తడిలో నాచు బతికే ఉంటుంది. అందుకని 2008లో ఆ దేశంలో ఫెల్టు అడుగు బూట్లతో చేపలు పట్టడాన్ని నిషేధించారు. దానితోపాటు ప్రజలకు మూడు మాటలు నేర్పారు: చూడు, కడుగు, ఎండబెట్టు.

మనకు అలాంటి బూట్లు లేవు కదా అనవచ్చు. బూట్లు లేకపోయినా బూటు చేసే పనిని మన దగ్గర తడి వల చేస్తుంది. చేపపిల్లలు తెచ్చే బిందె, కాలివేళ్ళ మధ్య బురద, చెరువులోకి దిగిన ట్రాక్టరు చక్రం కూడా చేస్తాయి. వలలో చిక్కిన చిన్న గుర్రపు డెక్క పిలక ఒక్కటి చాలు, మరో చెరువులో సంసారం పెట్టడానికి. 1988లో ఈశాన్య రాష్ట్రాల్లో మొదలై దేశమంతా పాకిన చేపల పుండ్ల జబ్బు కొర్రమీను, పరిగె వంటి నాటు చేపలను బాగా దెబ్బతీసింది. దాన్ని కలిగించే బూజువంటి సూక్ష్మజీవి జబ్బు చేపలతోనే గాక, తడి వలలతో, నీళ్ళతో కూడా పోగలదు.

కరువు చేసిన కాపలా

ఇక్కడొక చిత్రం ఉంది. ఇన్నాళ్ళూ మన చెరువులకు తెలియకుండానే కాపలా కాసింది కరువే. ఎండాకాలంలో చెరువు నెర్రెలు బారితే కలుపు ఎండి, పరాయి చేప చచ్చిపోయేది. ఆ కాపలా ఇప్పుడు తగ్గుతోంది. శ్రీశైలం జలాశయం నుంచి హంద్రీ-నీవా ద్వారా కృష్ణా నీళ్ళు 2012లో జీడిపల్లికి చేరాయి. తర్వాత కదిరి వైపు చెర్లోపల్లి జలాశయం దాకా వచ్చాయి. ఇది మన భాగ్యం. కాని నీళ్ళు ఎక్కువ కాలం నిలిచేచోట పరాయి జీవి కూడా ఎక్కువ కాలం నిలుస్తుంది. పైగా గుర్రపు డెక్క విత్తనం ఎండిన బురదలో పదిహేనేళ్ళకు పైగా బతికి, తిరిగి తడి తగిలితే మొలవగలదు. కాబట్టి చెరువు ఎండే పని మానితే, వలను, చెప్పును ఎండబెట్టే పని మనం మొదలుపెట్టాలి.

మనం చేయదగినవి

1. ఒడ్డు దాటకముందే వల దులిపి, ఆకు, పిలక, నత్త, బురద ఏరి అక్కడే వదలాలి. కాళ్ళు, చెప్పులు, చక్రాలు ఆ చెరువు గట్టునే కడగాలి.

2. వలను, చెప్పులను తడి పూర్తిగా ఆరేదాకా ఎండబెట్టి, ఆపైన ఇంకో రెండు రోజులు ఆగాలి. వల కుప్పగా వేస్తే లోపల తడి ఉండిపోతుంది, పరచి, తిరగేయాలి.

3. రోజుకూలీ మీద బతికేవారు రెండు రోజులు ఆగడం కష్టం. అలాంటప్పుడు చెరువుకొక వల ఉంచుకోవడం మేలు. అది కుదరకపోతే శుభ్రమైన చెరువులో ముందు, కలుపున్న చెరువులో చివర వల వేయాలి.

4. చేపపిల్లలు తెచ్చిన బిందెలో నీళ్ళను, గాజుతొట్టెల్లో పెంచే రంగుచేపలను చెరువులో వదలరాదు.

5. పూడిక మన్ను మెట్టచేలకు తోలుకోవచ్చు. నీళ్ళు లేనిచోట గుర్రపు డెక్క బతకదు. గుర్రపు డెక్క ఉన్న చెరువు మన్ను మాత్రం ఇంకో చెరువు కట్టకు వేయరాదు.

కొంగలు మోయవా అని అడగవచ్చు. మోస్తాయి. కొంగను మనం ఆపలేం; మన వలను ఆపగలం. ఒక చెరువు ఐదేళ్ళు ఆలస్యంగా చెడినా అది ఐదేళ్ళ పట్టుబడి, ఐదేళ్ళ తాగునీరు. ఒకసారి చేరిన గుర్రపు డెక్కను తీయించాలంటే కూలి ఖర్చు ఏటేటా పెట్టాల్సిందే.

వేరుశెనగ రైతు విత్తనశుద్ధి చేయనిదే గింజ విత్తడు. అదే జాగ్రత్త చెరువుకూ కావాలి. మన ఎన్.ఎస్.ఎస్. శిబిరాల్లో చెరువు కట్టమీద చెట్లు నాటుతున్నాం. ఈసారి ప్రతి తూము దగ్గర ఒక బోర్డు కూడా రాసిపెడదాం: “చూడు, కడుగు, ఎండబెట్టు.” మిగతా దేశాలవారు వేడినీళ్ళు, మందులు కొని చేసే పనిలో సగం మనకు కదిరి ఎండ ఊరికే చేసిపెడుతుంది.