పెద్ద మొత్తములను పరీక్షించు విధము

2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో నిజామాబాదు జిల్లా జనసంఖ్య 25,51,335. కామారెడ్డి ప్రాంతము 2016లో వేరు జిల్లాగా ఏర్పడినది గనుక, ఇది అవిభక్త జిల్లా లెక్క. ఇందు పురుషులు 12,50,641, స్త్రీలు 13,00,694. పద్దు క్రింద చేవ్రాలు చేయవలసిన పంచాయతీ సభ్యుడు ఇట్టి మొత్తము సరియో కాదో శీఘ్రముగా తెలిసికొనుట యెట్లు?

మొదట సంఖ్య స్వభావమును చూడవలెను. చివరి అంకె 5 కాబట్టి ఇది బేసిసంఖ్య. 5చే నిశ్శేషముగా భాగింపబడును. పురుషుల సంఖ్య బేసి, స్త్రీల సంఖ్య సరి. బేసియు సరియు కలిసిన బేసియే వచ్చును. ఇది మొదటి పరీక్ష.

ఇక అంకెలను కూడుదము. 2+5+5+1+3+3+5=24. ఇది 3చే భాగింపబడును, 9చే భాగింపబడదు. మూల సంఖ్యయు అంతే. కారణము సులభము: పది, నూరు, వేయి పసుపు బస్తాలలో దేనిని తొమ్మిదేసి చొప్పున పేర్చినను, చివర ఒక్క బస్తాయే మిగులును. అందుచే అంకెల మొత్తమే శేషమును తెలుపును. 3, 5 రెండును భాగించుటచే ఈ సంఖ్య 15 × 1,70,089 అగును. ఇట్టి దానిని సంయుక్త సంఖ్య యందురు.

పురుషుల అంకెల మొత్తము 19; మరల కూడగా 10, తుదకు 1. స్త్రీలది 23, అనగా 5. ఒకటియు ఐదును ఆరు. 24 కూడ ఆరే. లెక్క నిలిచినది. ఈ నవశేష పరీక్షను రెండవ ఆర్యభటుడు తన మహాసిద్ధాంతమున చెప్పియున్నాడు.

అయితే ప్రక్క ప్రక్క అంకెలు తారుమారైనచో ఈ పరీక్ష పట్టజాలదు. సామాన్యముగా జరుగు పొరపాటు అదియే! బోధనులోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో ఏర్పడినది మొదలు 2015లో మూతపడువరకు చెరకు పండించిన రైతులకు తూకపు చీటీ విలువ చెప్పనక్కరలేదు. 964 కిలోలు 694గా పడినచో 270 కిలోల చెరకు కాగితముమీదనే మాయమగును. అంకెల మొత్తము మాత్రము మారదు.

దీనికి పదునొకండు పరీక్ష కలదు. కుడినుండి ఒక అంకెను కూడుచు, మరియొకదానిని తీసివేయుచు పోవలెను. మొత్తమునకు 5−3+3−1+5−5+2=6. పురుషులకు 7. స్త్రీలకు −1; ఋణము వచ్చిన 11 కలుపవలెను, కాబట్టి 10. ఏడును పదియు పదునేడు. 11 పోగా 6. సరిపోయినది. స్త్రీల సంఖ్యను 13,00,964గా వ్రాసియుండిన 5 వచ్చును. ఏడుతో కూడి 12, అనగా 1. తప్పు బయటపడును.

తేడా సరిగా 99 గాని, దాని గుణిజము గాని అయినచో ఈ రెండు పరీక్షలకును చిక్కదు. 990 రూపాయల పద్దు విడిచిపోయిన ఇట్లే జరుగును. అందుకు పైనుండి కూడిన వరుసను క్రిందినుండి మరియొకరిచే కూడించి, పద్దులను రశీదులతో ఒక్కొక్కటిగా సరిచూడవలెను.