జన్యుమార్పిడి పంటలు - ప్రజల మాట



మనలో చాలామంది కూలి కుటుంబాల నుండి వచ్చినవాళ్లమే. సెలవులకు ఇంటికెళితే ఉభాలకు, కోతలకు మనమూ ఓ చెయ్యి వేస్తాం. అయితే ఏ విత్తనం రావాలో నిర్ణయించేటప్పుడు మన అమ్మానాన్నలను ఎవరైనా అడుగుతున్నారా?

జన్యుమార్పిడి అంటే ఏమిటి?

ఒక జీవిలోని జన్యువును ప్రయోగశాలలో మరో జీవిలో చేర్చడం. మట్టిలో ఉండే ఒక బాక్టీరియా జన్యువును పత్తిలో చేర్చితే, కాయతొలుచు పురుగును చంపే పదార్థాన్ని మొక్కే తయారుచేసుకుంటుంది. అదే బీటీ పత్తి. మన దేశంలో దాని సాగుకు 2002 మార్చిలో అనుమతి లభించింది.

అల్గోల్ ప్రజాతీర్పు

2001లో అప్పటి మెదక్ జిల్లా అల్గోల్‌లో 'ప్రజాతీర్పు' జరిగింది. జ్యూరీలో 19 మంది. ఎక్కువమంది సన్నకారు, చిన్నకారు రైతులు. వారిలోనూ మహిళలే అధికం. చదువు రానివారికీ అర్థమయ్యేలా మూడు రకాల భవిష్యత్తును వీడియోలలో చూపించారు. అధికారులు, శాస్త్రవేత్తలు, కంపెనీ ప్రతినిధులు సాక్షులుగా వచ్చి జవాబులిచ్చారు. సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి ఉన్న బృందం పర్యవేక్షించింది. చివరకు జ్యూరీ జన్యుమార్పిడి పంటలు వద్దంది. వ్యవసాయంపై బతికేవారిని 70 శాతం నుండి 40 శాతానికి తగ్గించాలన్న 'విజన్ 2020' ఆలోచననూ కాదంది.

19 మంది రాష్ట్రమంతటికీ ప్రతినిధులెలా అవుతారని కొందరు ప్రశ్నించారు. ప్రశ్న సబబే. కాని ఆ 19 మందినైనా అడగకుండా నిర్ణయిస్తే అది ఎవరి తీర్పు?

బీటీ వంకాయ

2009 అక్టోబరులో బీటీ వంకాయకు కేంద్ర కమిటీ ఆమోదం తెలిపింది. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేష్ 2010లో హైదరాబాద్‌తో సహా 7 నగరాల్లో బహిరంగ చర్చలు జరిపారు. సుమారు 8000 మంది పాల్గొన్నారు. ఫిబ్రవరి 9న ఆయన దానిని నిలిపివేశారు. నగరాలలో జరిగిన ఆ చర్చలకు, ఒకరోజు కూలి పోగొట్టుకొని నెల్లిమర్ల నుండి ఎందరు వెళ్లగలరు?

2024 జూలై 23న జన్యుమార్పిడి ఆవాల అనుమతిపై సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ భిన్నమైన తీర్పులిచ్చారు. అయితే రాష్ట్రాలను, రైతు ప్రతినిధులను సంప్రదించి జాతీయ విధానం రూపొందించాలని ఇద్దరూ చెప్పారు.

మన కర్తవ్యం

కొత్త విజ్ఞానమంతా చెడ్డదని కాదు, మంచిదనీ కాదు. రెండు వైపుల మాటా వినిపించాలి, ఆలోచించుకునే వ్యవధి ఇవ్వాలి, వద్దనే హక్కు ఉండాలి. అప్పుడే అది ప్రజల భాగస్వామ్యం. జన్యువుల పాఠం పరీక్షకే కాదు మిత్రులారా! ఈ సెలవుల్లో దానిని మన ఇంటి అరుగు మీద, మన యాసలో చెబుదాం.

ఆలోచించండి:
1. మీ ఊరిలో ఇలాంటి జ్యూరీ పెడితే ఎవరెవరు ఉండాలి?
2. కొత్త విత్తనం గురించి మీ అమ్మగారు మొదట ఏ ప్రశ్న అడుగుతారు?