టర్బో ఇంజనుకు అలుగు - వేస్ట్‌గేట్

నిండిన చెరువుకు అలుగు లేకపోతే ఏమవుతుందో కృష్ణా డెల్టాలో పుట్టిన వాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. గట్టు తెగుతుంది. టర్బోచార్జరు గల కారు ఇంజనుకు కూడా అటువంటి అలుగు ఒకటి ఉన్నది. దాని పేరు వేస్ట్‌గేట్. పేరులో వేస్టు ఉన్నంత మాత్రాన అది పనికిరాని వస్తువని అనుకోరాదు. ఇంజను ఆయుష్షు చాలావరకు దాని చేతిలోనే ఉంటుంది.

డీజిలు లారీల ద్వారా మనకు ఎప్పటి నుంచో పరిచయమైన టర్బో, ఇప్పుడు చిన్న పెట్రోలు కార్లలోకి కూడా వచ్చింది. మన రాష్ట్రంలోనే పెనుకొండ వద్ద గల కియా ఫ్యాక్టరీలో 2019 నుండి కార్లు తయారవుతున్నాయి. అక్కడ తయారయ్యే సోనెట్‌లో ఒక రకానికి అమర్చిన లీటరు టర్బో ఇంజను 120 అశ్వశక్తి ఇస్తుంది. టర్బో లేని మామూలు లీటరు ఇంజను ఇచ్చేది 70కి అటూ ఇటూ. ఈ తేడా చూసిన కుర్రకారుకు "ఇంకాస్త బూస్టు పెంచితే ఏం పోయింది?" అనిపించడం సహజం. ఏం పోతుందో, పోకుండా ఉండాలంటే ఏం చేయాలో తెలిసికొందాం.

1. టర్బో చేసే పని

ఇంజను కాల్చే పెట్రోలులోని శక్తిలో పెద్ద భాగం వేడి పొగగా గొట్టం గుండా బయటికి పోతుంది. ఆ పొగతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు మీద ఉన్న రెండో చక్రంతో గాలిని అదిమి సిలిండర్లలోకి పంపవచ్చునని స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూకి ఆలోచించి 1905లో పేటెంటు తీసుకొన్నాడు. కారు టర్బోలో ఈ చక్రాలు నిమిషానికి లక్ష చుట్లకు మించి కూడా తిరుగుతాయి. బయటి వాతావరణం కంటె ఎంత ఎక్కువ ఒత్తిడితో గాలి లోపలికి పోతున్నదో దానినే బూస్టు అంటారు.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. గాలి ఎక్కువ పోతే పెట్రోలు ఎక్కువ కాలుతుంది. పొగ ఎక్కువ వస్తుంది. చక్రం ఇంకా జోరుగా తిరిగి ఇంకా ఎక్కువ గాలిని నెడుతుంది. తనను తానే పెంచుకొనే ఈ గొలుసును ఎక్కడో ఒకచోట తెంపాలి. ఆ పని చేసేదే వేస్ట్‌గేట్. అది తెరుచుకొంటే కొంత పొగ చక్రం మీదికి పోకుండా పక్కదారిన పోతుంది. 1962లో అమెరికాలో వచ్చిన తొలి టర్బో కార్లలో ఒకటైన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్‌లోనే ఈ ఏర్పాటు ఉన్నది.

2. స్ప్రింగు లెక్క

మామూలు వేస్ట్‌గేట్‌లో ఒక చిన్న మూత, దానికి ఒక కడ్డీ, ఆ కడ్డీని పట్టుకొన్న యాక్చువేటరు ఉంటాయి. యాక్చువేటరు డబ్బాలో ఒకవైపు స్ప్రింగు, రెండోవైపు రబ్బరు డయాఫ్రం. స్ప్రింగు మూతను మూసి ఉంచుతుంది. సన్నని గొట్టం ద్వారా వచ్చిన బూస్టు డయాఫ్రంను నెట్టి మూతను తెరుస్తుంది.

డయాఫ్రం వ్యాసం 5 సెంటీమీటర్లు అనుకొందాం. వైశాల్యం సుమారు 20 చదరపు సెంటీమీటర్లు. 1 బార్ అంటే చదరపు సెంటీమీటరుకు రమారమి 1 కిలో. కాబట్టి అర బార్ బూస్టు వద్ద డయాఫ్రం మీద 10 కిలోల బలం పడుతుంది. స్ప్రింగు బిగువు 10 కిలోలైతే మూత అక్కడే కదలడం మొదలుపెడుతుంది. 14 కిలోల స్ప్రింగు వేస్తే 0.7 బార్ దాకా ఆగుతుంది.

అయితే మూతను అవతలి నుంచి పొగ కూడా నెడుతూ ఉంటుంది. మూత వైశాల్యం 5 చదరపు సెంటీమీటర్లు, పొగ ఒత్తిడి 1 బార్ అయితే అది 5 కిలోల నెట్టు. స్ప్రింగు బలహీనమైతే మూత ముందుగానే సందు ఇచ్చి, బూస్టు అందుకోవడం ఆలస్యమవుతుంది. గట్టి యాక్చువేటర్లు అమ్మడానికి ఒక కారణం ఇదే.

3. రెండు జబ్బులు

మొదటిది స్పైక్. యాక్సిలరేటరు ఒక్కసారిగా తొక్కితే, మూత తెరుచుకొనే లోపల బూస్టు హద్దు దాటి మళ్ళీ దిగడం.

రెండవది క్రీప్. మూత పూర్తిగా తెరిచినా బూస్టు పెరుగుతూనే ఉండడం. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. 70 గేట్లూ ఎత్తారు. గేట్లన్నీ ఎత్తిన తరువాత నీటిమట్టం మన మాట వినదు, వచ్చే వరద మాటే వింటుంది. క్రీప్ కూడా అంతే. సైలెన్సరు తీసి వెడల్పు గొట్టం వేసిన కార్లలో పొగ సులువుగా పోయి టర్బో మరింత జోరందుకొంటుంది. పాత మూత రంధ్రం దానికి చాలదు. దీనికి స్ప్రింగు మార్చడం మందు కాదు. రంధ్రం పెద్దది చేయాలి, పెద్ద మూత వేయాలి, లేదా మానిఫోల్డు మీద 38, 44 మిల్లీమీటర్ల సైజుల్లో దొరికే విడి వేస్ట్‌గేట్ అమర్చాలి.

4. కంట్రోలరు చేసే మోసం

బూస్టు కంట్రోలరు అనేది డయాఫ్రంకు పోయే గాలిలో కొంత దారిలోనే వదిలేస్తుంది. అసలు బూస్టు 0.8 ఉంటే డయాఫ్రంకు 0.5 అని "చెబుతుంది". కాబట్టి మూత ఆలస్యంగా తెరుచుకొంటుంది. దీనివల్ల బూస్టును స్ప్రింగు హద్దుకు పైకి తీసికొనిపోవచ్చునే గాని కిందికి దించడం సాధ్యం కాదు. అందుచేత మరీ గట్టి స్ప్రింగు ఎంచుకోకూడదు. ఆ సన్నని గొట్టం ఊడిపోతే మూత అసలు తెరుచుకోదు. పది రూపాయల క్లిప్పు వదులైతే ఇంజనే పోవచ్చు. 1982లో సాబ్ కంపెనీ ఇంజను లోపలి శబ్దాన్ని పసిగట్టి బూస్టును తానే తగ్గించే ఎలక్ట్రానిక్ పద్ధతిని తెచ్చింది. నేటి కార్లలో ఈ పని కంప్యూటరుది.

5. మన ఎండలో లెక్క

గాలిని అదిమితే వేడెక్కుతుంది. బందరు వేసవిలో 40 డిగ్రీల గాలిని 70 శాతం సామర్థ్యం గల కంప్రెసరుతో అర బార్‌కు అదిమితే సుమారు 95 డిగ్రీలవుతుంది. 1 బార్‌కు అదిమితే సుమారు 138 డిగ్రీలవుతుంది. ఇంటర్‌కూలరు దానిని చల్లార్చగలిగినంతే చల్లారుస్తుంది. ఆ పైన పెట్రోలు వేళకు ముందే తనంతట తాను మండి పిస్టను మీద సుత్తి దెబ్బలు వేస్తుంది. ఇదే నాకింగ్. చలిదేశపు కారుకు సరిపోయిన బూస్టు మన మే నెలకు సరిపోతుందనుకోవడం పొరపాటు.

6. వరుస

ముందు బూస్టు మీటరు పెట్టి ఉన్న బూస్టు ఎంతో చూడాలి. గొట్టాలు, క్లిప్పులు, డయాఫ్రం పరీక్షించాలి. తరువాత వేస్ట్‌గేట్. ఆ తరువాత పెట్రోలు సరఫరా, ఇంటర్‌కూలరు, కంప్యూటరు ట్యూనింగు. బూస్టు పెంచడం అన్నిటికంటె చివర. ఇంకొక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పుస్తకంలోని వివరాలు తయారీదారు నిర్ణయించిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చరాదు. వారంటీ, ఇన్సూరెన్సు సంగతి కూడా ముందే విచారించుకోవాలి.

మెరుగైన వేస్ట్‌గేట్ విలువ బూస్టును ఎంత పైకి తీసికొనిపోతుందనే దానిలో లేదు. చెప్పిన చోట నిలబెట్టగలదా లేదా అన్నదానిలో ఉంది. చెరువు గట్టు ఎత్తు పెంచే ముందు అలుగు చాలునా అని చూడడం మన పెద్దలకు తెలిసిన విద్య. ఇంజను మీద చేయి వేసే విద్యార్థి మిత్రులు కూడా ముందు ఆ ప్రశ్నే వేసుకోవాలి.